కాంతి విద్యుత్ గ్రాఫులు చదవడం ఎలా: ముందు అక్షం, తర్వాతే గీత

ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలో కాంతి విద్యుత్ ఫలితం పాఠం చిన్నదే. కాంతి పడిన లోహం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడమే ఆ ఫలితం. గుర్తుపెట్టుకోవాల్సిన సమీకరణం కూడా ఒక్కటే. అయినా కర్నూలులో ట్యూషన్ చెప్పే ఎవరినైనా అడగండి, ఆ సమీకరణాన్ని గడగడా అప్పజెప్పే విద్యార్థి గ్రాఫు ముందు పెట్టగానే తడబడతాడని చెబుతారు. ఇందులో విద్యార్థి తప్పు తక్కువ. ఒక గ్రాఫులో గీతలు ఎడమవైపు ఒకే చోట మొదలై పైకి వెళ్లేకొద్దీ విడిపోతాయి. ఇంకో గ్రాఫులో వేర్వేరు చోట్ల మొదలై పైన కలుస్తాయి. మరొక దానిలో అసలు కలవకుండా సమాంతరంగా సాగుతాయి. ఈ బొమ్మలను బట్టీ పడితే పరీక్ష హాల్లో ఒకదానికి బదులు ఇంకొకటి గుర్తుకు రావడం ఖాయం.

బట్టీ పట్టే అవసరం లేకుండా వీటిని చదవవచ్చు. ఒక పెన్సిలు, స్కేలు, రెండు గ్రాఫు కాగితాలు దగ్గర పెట్టుకోండి. చదువుతూ గీయండి. చూస్తూ కూర్చుంటే ఈ పాఠం రాదు.

ముందు తరంగం సంగతి తేల్చుకోండి

కాగితం మీద ఒక అడ్డుగీత గీసి, దాని చుట్టూ పైకీ కిందికీ ఊగే తరంగాన్ని గీయండి. పైకొన శృంగం, కిందికొన ద్రోణి. ఇప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు శృంగాల మధ్య దూరాన్ని ఏమంటారు? తరంగదైర్ఘ్యం అని వెంటనే అనేశారంటే తొందరపడ్డట్టే. అడ్డు అక్షం మీద ఏముందో మీరింకా రాయలేదు.

అడ్డు అక్షం మీద మీటర్లు ఉంటే అది ఒక క్షణంలో తీసిన ఫోటో. శింగనమల చెరువు గట్టు మీద నిలబడి అలలను ఫోను కెమెరాలో బంధించారనుకోండి. ఆ ఫోటోలో శృంగం నుంచి శృంగానికి ఉన్న దూరమే తరంగదైర్ఘ్యం. అడ్డు అక్షం మీద సెకన్లు ఉంటే కథ వేరు. అప్పుడు మీరు చెరువునంతా చూడటం లేదు, నీటి మీద తేలుతున్న ఒకే ఒక్క ఆకును గడియారం పట్టుకుని గమనిస్తున్నారు. ఆ గ్రాఫులో శృంగం నుంచి శృంగానికి ఉన్నది ఆవర్తన కాలం. 1ని ఆ కాలంతో భాగిస్తే పౌనఃపున్యం వస్తుంది. రెండు బొమ్మలూ చూడటానికి అచ్చు ఒకేలా ఉంటాయి. తేడా అంతా అక్షం పేరులోనే ఉంది.

కంపన పరిమితిని మధ్యగీత నుంచి శృంగం వరకే కొలవాలి. ద్రోణి నుంచి శృంగం దాకా కొలిస్తే రెట్టింపు వస్తుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఆ రెట్టింపు విలువను కూడా ఐచ్ఛికాల్లో ఒకటిగా పెడతారు, చూసుకోండి.

తర్వాత వేగం. పౌనఃపున్యాన్ని తరంగదైర్ఘ్యంతో గుణిస్తే వేగం వస్తుంది. చెరువులో శృంగాల మధ్య అర మీటరు ఉండి, ఆకు సెకనుకు రెండుసార్లు పైకీ కిందికీ ఊగితే అల వేగం సెకనుకు ఒక మీటరు. అదే సూత్రాన్ని ఆకాశవాణి కడప కేంద్రానికి వాడండి. దాని మీడియం వేవ్ ప్రసారం 900 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. రేడియో తరంగం కాంతి వేగంతో, అంటే సెకనుకు 3×10⁸ మీటర్ల వేగంతో పోతుంది. భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 333 మీటర్లు. ఇప్పుడు 500 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని తీసుకోండి. దాని పౌనఃపున్యం 6×10¹⁴ హెర్ట్జ్. రెండూ విద్యుదయస్కాంత తరంగాలే, వేగమూ ఒక్కటే. పౌనఃపున్యంలో మాత్రం తేడా సుమారు 67 కోట్ల రెట్లు. ఈ రెండు సంఖ్యలనూ ఒక మూల రాసి ఉంచండి, కాసేపట్లో పనికొస్తాయి.

ఇక్కడ ఎక్కువ మంది దాటేసి పోయే విషయం ఒకటుంది. పౌనఃపున్యాన్ని నిర్ణయించేది జనకం, అంటే తరంగాన్ని పుట్టించేది; వేగాన్ని నిర్ణయించేది యానకం, అంటే తరంగం సాగే పదార్థం. ఆ రెండూ తేలాక మిగిలేది తరంగదైర్ఘ్యం. గాలిలో 600 నానోమీటర్లున్న కాంతి, వక్రీభవన గుణకం 1.5 ఉన్న గాజులోకి వెళితే 400 నానోమీటర్లవుతుంది. పౌనఃపున్యం మాత్రం అక్కడా ఇక్కడా 5×10¹⁴ హెర్ట్జే. కాంతి విద్యుత్ గ్రాఫుల అడ్డు అక్షం మీద పౌనఃపున్యాన్ని పెట్టడానికి ఇదొక కారణం. రెండో కారణం ఇంకా బలమైనది, దానికి వస్తున్నాను.

తరంగం తీవ్రత దాని కంపన పరిమితి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కంపన పరిమితి రెట్టింపైతే తీవ్రత నాలుగు రెట్లు. దీన్నిబట్టి, కాంతి కేవలం తరంగమే అయితే, తీవ్రత పెంచుకుంటూ పోతే ఏ రంగు కాంతి అయినా ఎప్పటికో ఒకప్పటికి ఎలక్ట్రాన్‌ను లోహం నుంచి పెకలించాలి. ప్రయోగం దీనికి ఒప్పుకోలేదు.

ఒక ఫోటాన్, ఒక ఎలక్ట్రాన్

కాంతి శక్తి ముద్దలుగా వస్తుందనీ, ఒక్కో ముద్ద శక్తి ప్లాంక్ స్థిరాంకం, పౌనఃపున్యాల లబ్ధమనీ 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించారు. ఆ ముద్దనే తర్వాత ఫోటాన్ అన్నారు. ఒక ఎలక్ట్రాన్ ఒక ఫోటాన్‌ను మింగుతుంది. అందులో కొంత శక్తి లోహం నుంచి బయటపడటానికి ఖర్చవుతుంది, అదే పని ప్రమేయం. మిగిలింది గతిజశక్తి అవుతుంది. ఈ లెక్కే ఐన్‌స్టీన్ సమీకరణం.

అనంతపురం రైతుకు దీన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు. బోరులో నీరు 300 అడుగుల లోతున ఉంది. 200 అడుగులు మాత్రమే ఎత్తగల మోటార్లను విడివిడి పైపులతో పది దించినా చుక్క నీరు బయటికి రాదు. 400 అడుగులు ఎత్తగల మోటారు ఒక్కటి దించితే నీరు వస్తుంది, పైగా 100 అడుగుల సత్తా మిగులుతుంది. ఆ మిగులు ఎంతో కొలవాలంటే పైపును నేల మీద ఇంకా ఇంకా పైకి లేపుతూ పోండి. 100 అడుగుల ఎత్తులో ధార ఆగిపోతుంది. అలాంటి మోటార్లు పది పెడితే నీరు పది రెట్లు వస్తుంది గానీ, ధార ఆగే ఎత్తు 100 అడుగులే. బోరు లోతు పని ప్రమేయం, మోటారు సత్తా ఫోటాన్ శక్తి, మోటార్ల సంఖ్య కాంతి తీవ్రత, వచ్చే నీరు విద్యుత్ ప్రవాహం, ధార ఆగిన ఎత్తు నిరోధక పొటెన్షియల్, అంటే ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని పూర్తిగా ఆపేసే రుణ పొటెన్షియల్.

ఇక సంఖ్యలు. తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో ఉంటే 1240ని దానితో భాగించండి, ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వచ్చేస్తుంది. ఒక ఎలక్ట్రాన్ వోల్టు గతిజశక్తి ఉన్న ఎలక్ట్రాన్‌ను ఆపడానికి ఒక వోల్టు కావాలి. 400 నానోమీటర్లకు 3.1, 500కు 2.48, 620కి 2.0. పని ప్రమేయం సీజియానికి 2.14, సోడియానికి 2.75, రాగికి 4.65, ప్లాటినానికి 5.65 ఎలక్ట్రాన్ వోల్టులు. కాబట్టి 500 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి సీజియం నుంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది, సోడియం నుంచి లాగలేదు. కడప రేడియో ఫోటాన్ శక్తి 3.7×10⁻⁹ ఎలక్ట్రాన్ వోల్టులు. ట్రాన్స్‌మిటర్ పక్కనే లోహపు పలక పెట్టి ఏళ్ల తరబడి కూర్చున్నా ఈ పద్ధతిలో ఒక్క ఎలక్ట్రాన్ ఊడదు.

ఇప్పుడు గ్రాఫులు, ఒక్కొక్కటిగా

పరికరం చిన్నది. గాలి తీసేసిన గొట్టంలో రెండు పలకలు ఉంటాయి. ఒకదాని మీద కాంతి పడుతుంది, రెండోది ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. రెండో పలకకు ఇచ్చే పొటెన్షియల్‌ను ధనం నుంచి రుణం దాకా మార్చవచ్చు. ఏ గ్రాఫు వచ్చినా ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: అక్షాల మీద ఏమున్నాయి? మార్చకుండా ఉంచినవి ఏవి? రెండో ప్రశ్నకు జవాబు బొమ్మ పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదవని వారే ఎక్కువ.

తీవ్రతకూ ప్రవాహానికీ మధ్య గ్రాఫు మూలబిందువు గుండా పోయే సరళరేఖ. ఫోటాన్లు రెట్టింపైతే ఎలక్ట్రాన్లూ రెట్టింపు. పౌనఃపున్యం ఆరంభ పౌనఃపున్యం (ఎలక్ట్రాన్లు బయటపడటానికి కావలసిన కనీస పౌనఃపున్యం) కన్నా ఎక్కువ ఉండాలన్న షరతు రాస్తే చాలు, ఇందులో ఇంకేమీ లేదు.

పొటెన్షియల్‌కూ ప్రవాహానికీ మధ్య గ్రాఫు దగ్గరే నిదానించాలి. నిలువు అక్షాన్ని కాగితం మధ్యలో గీయండి, ఎందుకంటే అడ్డు అక్షానికి రుణ భాగం కూడా కావాలి. గీతను ఎడమ నుంచి మొదలుపెట్టండి. రుణ పొటెన్షియల్ ఒక విలువ దగ్గర ప్రవాహం సున్నా, అది నిరోధక పొటెన్షియల్. అక్కడి నుంచి కుడికి వస్తుంటే ప్రవాహం పెరుగుతుంది. నిలువు అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా కొంచెం పైన దాటుతుంది. పొటెన్షియల్ సున్నా అయినప్పుడు ప్రవాహం ఎందుకు సున్నా కాదని అడిగితే జవాబు ఇది: ఎలక్ట్రాన్లకు సొంత గతిజశక్తి ఉంది, లాగేవారు లేకపోయినా కొన్ని అవతలి పలకను చేరతాయి. ధన పొటెన్షియల్ పెంచితే అటూ ఇటూ చెదిరిపోయేవి కూడా వచ్చి చేరతాయి. బయటపడినవన్నీ చేరాక ఇక పెరగడానికి ఏమీ ఉండదు, గీత చదునవుతుంది. అదే సంతృప్త ప్రవాహం.

గీత నిటారుగా లేవకుండా వాలుగా ఎందుకు పెరుగుతుందన్నది కూడా ఆలోచించదగ్గదే. ఎలక్ట్రాన్లన్నీ ఒకే వేగంతో రావు. లోపలి పొరల నుంచి వచ్చేవి దారిలోనే కొంత శక్తి పోగొట్టుకుంటాయి. ఐన్‌స్టీన్ సమీకరణంలో ‘గరిష్ఠ’ గతిజశక్తి అనడం అందుకే. నిరోధక పొటెన్షియల్ ఆపేది అందరికన్నా వేగంగా వచ్చే ఎలక్ట్రాన్‌ను.

ఈ గ్రాఫు నుంచి పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: ఎడమ కొన శక్తిని చెబుతుంది, కుడి కొన సంఖ్యను చెబుతుంది. దీన్ని పట్టుకుంటే రెండు ప్రసిద్ధ బొమ్మలనూ మీరే గీయగలరు. పౌనఃపున్యం మార్చకుండా తీవ్రత పెంచారా? ఫోటాన్ శక్తి మారలేదు కాబట్టి ఎడమ కొన కదలదు. సంఖ్య పెరిగింది కాబట్టి కుడి కొన పైకి పోతుంది. గీతలన్నీ ఎడమన ఒకే చోట మొదలై విడిపోతాయి. 1902లో జర్మనీ భౌతికశాస్త్రవేత్త లెనార్డ్ గమనించిన వింత ఇదే. దీపం కాంతి ఎంత పెంచినా ఎలక్ట్రాన్ల గరిష్ఠ శక్తి పెరగలేదు. పౌనఃపున్యం పెంచారా? ఎడమ కొన ఇంకా ఎడమకు జరుగుతుంది. కుడి కొన ఒకే ఎత్తున కలుస్తుంది.

ఆ చివరి వాక్యంలో ఒక మెలిక ఉంది, పుస్తకాలు దాన్ని విప్పి చెప్పవు. తీవ్రత అంటే ప్రతి చదరపు మీటరు మీద సెకనుకు పడే శక్తి. తీవ్రతను అలాగే ఉంచి పౌనఃపున్యాన్ని రెట్టింపు చేస్తే ఒక్కో ఫోటాన్ శక్తి రెట్టింపవుతుంది, అంటే ఫోటాన్ల సంఖ్య సగమవుతుంది. కచ్చితంగా చెప్పాలంటే సంతృప్త ప్రవాహం తగ్గాలి. సెకనుకు పడే ఫోటాన్ల సంఖ్య సమానమనీ, వాటిలో ఎలక్ట్రాన్లను లాగే వంతు కూడా మారదనీ అనుకుంటేనే పుస్తకంలోని బొమ్మ సరిపోతుంది. బోర్డు పరీక్షలో పుస్తకం బొమ్మే గీయండి. పోటీ పరీక్షలో మాత్రం ప్రశ్న ‘తీవ్రత’ అన్నదా, ‘ఫోటాన్ల సంఖ్య’ అన్నదా చూసి జవాబు గుర్తించండి.

మీరే గీసి కొలవాల్సిన గ్రాఫు

పౌనఃపున్యానికీ నిరోధక పొటెన్షియల్‌కూ మధ్య గ్రాఫు ఈ పాఠానికి ప్రాణం. అడ్డు అక్షం మీద పౌనఃపున్యం పెట్టడానికి నేను చెప్పకుండా ఆపిన రెండో కారణం ఇక్కడ కనిపిస్తుంది: ఫోటాన్ శక్తి పౌనఃపున్యానికి అనులోమానుపాతం కాబట్టి గీత తిన్నగా వస్తుంది. అదే తరంగదైర్ఘ్యాన్ని పెడితే వంపు తిరిగిన గీత వస్తుంది. కుడికి పోయేకొద్దీ కిందికి దిగుతూ ఆరంభ తరంగదైర్ఘ్యం దగ్గర సున్నాను తాకుతుంది. ‘సరళరేఖ’ అని గుర్తున్న విద్యార్థి అక్షం చూడకుండా ఇక్కడే పప్పులో కాలేస్తాడు.

గ్రాఫు కాగితాన్ని నిలువుగా పెట్టుకోండి. అడ్డంగా ఒక సెంటీమీటరుకు 1×10¹⁴ హెర్ట్జ్, సున్నా నుంచి 15 దాకా. నిలువుగా ఒక సెంటీమీటరుకు అర వోల్టు, మైనస్ 3 నుంచి 3.5 దాకా. సోడియం పని ప్రమేయాన్ని బట్టి లెక్కగట్టిన నాలుగు విలువలు ఇస్తున్నాను. 8×10¹⁴ దగ్గర 0.56 వోల్టులు, 10×10¹⁴ దగ్గర 1.39, 12×10¹⁴ దగ్గర 2.21, 14×10¹⁴ దగ్గర 3.04. బిందువులు పెట్టి స్కేలుతో కలపండి.

వాలు కనుక్కోవడానికి దగ్గరి బిందువులు వద్దు, దూరంగా ఉన్నవి తీసుకోండి. 3.04 నుంచి 0.56 తీసేస్తే 2.48. దాన్ని 6×10¹⁴తో భాగిస్తే 4.13×10⁻¹⁵. ఆ 10¹⁴ను మరిచిపోయి వాలు 0.413 అని రాసేసి ముందుకెళ్లేవారు తరగతికి నలుగురైదుగురు ఉంటారు. ఈ వాలు ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగిస్తే వచ్చేది. కనుక 1.6×10⁻¹⁹తో గుణించండి: 6.6×10⁻³⁴ జౌల్ సెకను. ఒక స్కేలు, పెన్సిలుతో మీరు ప్లాంక్ స్థిరాంకాన్ని కొలిచేశారు.

గీతను కిందికి పొడిగించండి, కానీ చుక్కల గీతగా. అడ్డు అక్షాన్ని సుమారు 6.6×10¹⁴ దగ్గర కోస్తుంది, అది ఆరంభ పౌనఃపున్యం. దాని కింద ఎలక్ట్రాన్లే రావు, కొలవడానికి ఏమీ ఉండదు, అందుకే నిండు గీత గీయడం తప్పు. చుక్కల గీతను నిలువు అక్షం దాకా తీసుకెళ్లండి. మైనస్ 2.75 దగ్గర తాకుతుంది. మైనస్ గుర్తు తీసేస్తే అది సోడియం పని ప్రమేయం, ఎలక్ట్రాన్ వోల్టుల్లో.

లోహం మారిస్తే? వాలులో ఉన్నవి ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఆవేశం మాత్రమే, వాటికి లోహంతో సంబంధం లేదు. గీత పక్కకు జరుగుతుంది గానీ వాలు మారదు. నాలుగు ఐచ్ఛికాల్లో గీతలు ఒకదాన్నొకటి ఖండించేవి ఉంటే చూసిన వెంటనే కొట్టేయండి. నిలువు అక్షం మీద నిరోధక పొటెన్షియల్‌కు బదులు గరిష్ఠ గతిజశక్తి ఉంటే వాలు నేరుగా ప్లాంక్ స్థిరాంకమే, ఆవేశంతో గుణించే పని లేదు. ఇక్కడ కూడా అక్షమే తేలుస్తుంది.

ఈ గీత సరళరేఖ అవుతుందని 1905లో ఎవరూ కొలిచి చూడలేదు. అమెరికాలో రాబర్ట్ మిల్లికన్ ఐన్‌స్టీన్ మాటను నమ్మకుండానే ఏళ్ల తరబడి కొలిచారు. లోహపు ఉపరితలం గాలి తగిలి పాడవుతుందని, శూన్యం లోపలే కత్తి తిరిగి కొత్త పొర చెక్కే ఏర్పాటు చేశారు. 1916లో ఫలితం ప్రకటించేటప్పటికి గీత తిన్నగానే వచ్చింది. ఆయనకు వచ్చిన ప్లాంక్ స్థిరాంకం 6.57×10⁻³⁴, నేటి 6.626కు ఎంత దగ్గరో చూడండి. ఐన్‌స్టీన్‌కు 1921 సంవత్సరపు నోబెల్ వచ్చింది ఈ సూత్రానికే గానీ సాపేక్షతకు కాదు.

సోలార్ పలకను ఉదాహరణగా రాయవద్దు

ఓర్వకల్లు వైపు వెళితే గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు కనిపిస్తుంది. మన పిల్లలు కాంతి విద్యుత్ ఫలితానికి ఉదాహరణ అడగగానే దాన్నే రాస్తారు. దగ్గరి బంధుత్వం ఉంది గానీ రెండూ ఒకటి కాదు. కాంతి విద్యుత్ ఫలితంలో ఎలక్ట్రాన్ లోహాన్ని వదిలి బయటికి వస్తుంది. సోలార్ పలకలో సిలికాన్ లోపలే ఉండి, కట్టు వీడి కదులుతుంది. దానికి సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, అందుకే కంటికి కనిపించని పరారుణ కాంతిలో కొంత భాగం కూడా అక్కడ పనిచేస్తుంది. పై గ్రాఫులు దానికి వర్తించవు.

ఇంట్లో గొట్టం, పలకలు ఉండవు కాబట్టి కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న ఫెట్ సిమ్యులేషన్లలో కాంతి విద్యుత్ ఫలితం తెరిచి చూడండి. కంప్యూటర్ ఉంటే మేలు. తీవ్రత మీట కదిపే ముందు గ్రాఫు ఏ కొన కదులుతుందో నోటితో చెప్పి, తర్వాత కదపండి.

చివరగా రెండు లెక్కలు. సీజియం మీద 400 నానోమీటర్ల కాంతి పడుతోంది, తర్వాత తీవ్రతను మూడు రెట్లు చేశారు. మొదట 3.1 నుంచి 2.14 తీసేయండి, నిరోధక పొటెన్షియల్ 0.96 వోల్టులు. తీవ్రత పెంచాక కూడా అంతే, సంతృప్త ప్రవాహం మాత్రం మూడు రెట్లు. రెండోది: రెండు లోహాల సమాంతర గీతలు అడ్డు అక్షాన్ని 5×10¹⁴, 9×10¹⁴ దగ్గర కోస్తున్నాయి, పడే కాంతి 8×10¹⁴ హెర్ట్జ్. రెండో లోహం నుంచి ఏమీ రాదు. మొదటిదానికి ఆరంభ పౌనఃపున్యం కన్నా 3×10¹⁴ ఎక్కువ ఉంది. దాన్ని 4.136×10⁻¹⁵తో గుణిస్తే 1.24 వోల్టులు. పని ప్రమేయం విడిగా కనుక్కునే అవసరమే రాలేదు.